మామ్మ ఊఁ ఆపిన చోటల్లా

నా మూడో నవల మొదటి చిత్తుప్రతి 412 పేజీలు. రూళ్ల కాగితాల మీద ఒకవైపే రాసుకున్నాను. అందులో ఇవాళ అచ్చుపుస్తకంలో మిగిలినవి 60 పేజీలకు మించి ఉండవు. మిగతావి నేనే తీసేశాను. తీసెయ్యమని ఎవరూ అనలేదు. కొల్లేటి లంకలో ఒక మామ్మ నా పక్కన కూర్చుని విన్నది, అంతే. ఆవిడ ఎలా విన్నదో, ఆ వినడంతో నా రాత ఎలా మారిందో చెబుదామని ఇది రాస్తున్నాను. ఒక చెరువునో, ఏటినో, అడవినో పట్టుకుని నవల రాయాలని కూర్చున్నవాళ్లకి పనికొస్తుందేమో.

మాది ఏలూరు. హైస్కూల్లో 28 ఏళ్లు తెలుగు చెప్పాను. కొల్లేరు మాకు దగ్గర. నా చిన్నప్పుడు చలికాలం పొద్దున్నే మా వీధిలోకి గంపలతో కొర్రమీనులు, వాలుగలు వచ్చేవి. మేం ఇల్లంతా చిందరవందర చేస్తే అమ్మ "కొంప కొల్లేరు చేశారు కదర్రా" అని కేకలేసేది. కాపురం కూలినా, వ్యాపారం మునిగినా మా వైపు నోట వచ్చే మాట అదే. ఒక సరస్సు పేరు మన భాషలో నాశనానికి పేరైపోయింది. ఆ మాటే నన్ను ఈ నవల వైపు లాగింది. అంత చెడ్డ అర్థం ఆ నీళ్లకి ఎవరు అంటగట్టారు? ఆ నీళ్లలో బతికేవాళ్లు ఆ మాట అంటారా? అంటారు. మొదటిసారి ఒక లంక ఊళ్లో ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

2019 జూన్‌లో, బడి తెరిచిన వారంలోనే మొదలుపెట్టాను. ముందు చదవాల్సినవి చదివాను. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంటుంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఊళ్ల మురుగు డ్రెయిన్లు అన్నీ వచ్చి ఇందులో పడతాయి. బయటికి దారి మాత్రం ఒకటే, ఉప్పుటేరు. అది దాదాపు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. 1970ల్లో సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించారు. తర్వాత ఆ చెరువులే సరస్సును మింగాయి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో చెరువు గట్లను పేలుడు మందు పెట్టి పేల్చేశారు. ఇదంతా నాకు కథలాగే కనిపించింది. మూడో అధ్యాయంలో కథానాయకుడి తండ్రి నోట ఏడు పేజీలు చెప్పించాను.

ఇక వర్ణనలు. తెలుగు పాఠం చెప్పినదాన్ని కదా, నా రాత కూడా పాఠంలోంచే వచ్చింది. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు ఉండాలని ఏటా పిల్లల చేత వల్లె వేయించేదాన్ని. పురం, సముద్రం, కొండ, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం, ఉద్యానం, జలక్రీడ... ఆ పద్దెనిమిదిలో చాలావరకు ప్రకృతే. అందుకని కొల్లేటి మీద నవల అనగానే నా చెయ్యి తనంతట తానే వర్ణనలోకి వెళ్లిపోయింది. ప్రతి అధ్యాయం ముందు ఒక పేజీ సరస్సు, ఆ తర్వాతే మనుషులు. రాస్తున్నప్పుడు నిజంగా సంతోషంగా ఉండేది. కరోనా రోజుల్లో ఇంట్లోంచి కదలకుండా, కిటికీ పక్కన కూర్చుని, కొల్లేటిని తలుచుకుంటూ రాశాను. 2021 మార్చికి చిత్తుప్రతి పూర్తయింది.

చేపల వేట గురించి రాసిన పేజీలు సరిగ్గా ఉన్నాయో లేదో ఎవరినైనా అడగాలనిపించింది. మా బళ్లో ఆయాగా చేసే ఆవిడది లంక ఊరు. "మా అత్తగారు ఉంది కదండీ, ఆవిడకి తెలియనిది లేదు" అని తీసుకెళ్లింది. అలా 2021 నవంబర్‌లో ఒక ఆదివారం మామ్మ ఇంటికి వెళ్లాను. అప్పటికే ఆవిడకి 80 దగ్గరపడ్డాయి. ఇల్లు మెరక చేసిన దిబ్బ మీద ఉంది. గుమ్మం ముందు ఏడు మెట్లు, కింది మెట్టు దగ్గర దోనె కట్టేసి ఉంది. వేట పేజీలు మాత్రమే తీసి చదవబోతే మామ్మ ఆపేసింది.

"మొదట్నించీ చదువు మేడంగారూ. మధ్యలోంచి కథేమిటి?"

మొదటి పేజీ తీశాను. ఆవిడ కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. తట్టలో మూడు కొర్రమీనులు ఉన్నాయి. కొర్రమీను చచ్చాక కూడా చేతిలో నిలవదు, జారిపోతుంది. మామ్మ గుప్పెడు బూడిద తీసి, తల నుంచి తోక దాకా ఒక్కసారి పట్టించింది. అప్పుడు చేప చేతికి చిక్కింది. కత్తిపీట మీద కాలేసి, రెండు చేతులతో చేపని కత్తికి ఎదురుగా నడిపింది. పొలుసు ఎగిరి ఆవిడ ముంజేతులకి అతుక్కుంటోంది. చూపు చేప మీద, చెవి నా మీద. నేను చదవడం మొదలుపెట్టగానే "ఊఁ" అంది.

మనకి కథ అంటే ఊఁ కొట్టాలి. మా అమ్మమ్మ అయితే మేం ఊఁ కొట్టకపోతే చెప్పడం ఆపేసేది. పిల్లలు నిద్రపోయారేమో అని చూసుకునేది. తర్వాత తర్వాత నేను కథలన్నీ కాగితం మీదే చదివాను, కాగితం మీదే రాశాను. నా వాక్యానికి ఎవరైనా ఊఁ అని నలభై ఏళ్లయింది. మామ్మ నోట ఆ చిన్న శబ్దం వినగానే గొంతు వణికింది. అయినా చదివాను.

మొదటి పేజీ సూర్యోదయం. పదకొండు వాక్యాలు. తూర్పున కుంకుమ చిందినట్టు, నీళ్ల మీద బంగారు తీగలు పాకినట్టు, తామరాకుల మీద ముత్యాలు దొర్లినట్టు. రెండో వాక్యం తర్వాత ఊఁ ఆగిపోయింది. నిద్రపోయిందేమో అని తలెత్తి చూశాను. లేదు, చేప రెండో వైపు తిప్పి పొలుసు తీస్తోంది. పన్నెండో వాక్యం "దోనె కదిలింది" అని చదివాను.

"ఊఁ" అంది మామ్మ.

నేను పెన్సిల్ తీసి, ఊఁ ఆగిన చోట మార్జిన్‌లో చిన్న సున్నా చుట్టాను. ఆ రోజు 40 పేజీలు చదివాను. 31 సున్నాలు. ఇంటికొచ్చి రాత్రి ఆ పేజీలన్నీ మంచం మీద పరిచి చూశాను. సున్నా పడిన చోట్లన్నిట్లో సరస్సు ఏదో ఒకదానిలా ఉంది. అద్దంలా, చీరలా, పసిపాప నిద్రలా. ఊఁ వచ్చిన చోట్లన్నిట్లో సరస్సు ఏదో ఒకటి చేస్తోంది. ఒడ్డు కోస్తోంది, నాచు తోసుకొస్తోంది, వల బరువెక్కిస్తోంది. ఆ తేడా పెన్సిల్ గుర్తుల్లో అంత స్పష్టంగా కనపడేసరికి తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు.

అప్పట్నించి నెలకి రెండు ఆదివారాలు వెళ్లాను. మూడో నెలకి "మేడంగారూ" పోయి "అమ్మాయ్" వచ్చింది.

మూడో అధ్యాయంలో తండ్రి ఏడు పేజీల ఉపన్యాసం చదివినప్పుడు మామ్మ చేతిలో పని ఆపి అడిగింది. "ఈయన ఎవరితో చెబుతున్నాడు?"

"కొడుకుతో మామ్మా."

"వాడిది ఏ ఊరు?"

"ఈ ఊరే."

ఆవిడ ఇంకేం అనలేదు. కాంటూరు అన్న మాట కొల్లేట్లో బడికెళ్లని పిల్లాడికి కూడా తెలుసు. గట్లు పేల్చిన రోజు ఎవరెక్కడ నిలబడి ఉన్నారో ప్రతి ఇంట్లోనూ చెబుతారు. కొల్లేట్లో పుట్టిన కొడుక్కి కొల్లేటి గురించి ఏ తండ్రి పాఠం చెబుతాడు? ఆ ఏడు పేజీలు నేను పాఠకుడితో మాట్లాడినవి. తండ్రి నోరు అరువు తీసుకున్నాను. వాటిని తీసేసి, బదులుగా అర పేజీ రాశాను. తండ్రి, కొడుకు గట్టు మీద నడుస్తుంటారు. ఒక చోట గట్టు తెగి ఉంటుంది. తండ్రి మాట్లాడకుండా పంచె పైకి కట్టి నీళ్లలో దిగుతాడు, కొడుకు వెనకే దిగుతాడు. 2006 అంతా అందులోనే ఉంది.

అసలు పరీక్ష పేరంటాలు అధ్యాయం దగ్గర వచ్చింది. పేరంటాలు అంటే ఇక్కడ చనిపోయి దేవతగా పూజలందుకునే ఆడమనిషి. కొల్లేటికోట చుట్టూ ఒక కథ ఉంది. గజపతుల కోట సరస్సు మధ్య లంక మీద ఉండేదని, దాని మీదికి వచ్చిన శత్రువు నీళ్లు సముద్రంలోకి తీసెయ్యడానికి కాలవ తవ్వించాడని, ఆ పని నెరవేరడానికి ఒక సేనాపతి తన కూతుర్ని బలిచ్చాడని చెబుతారు. ఆ కాలవే ఉప్పుటేరట, అందుకే దానికి పేరంటాల కనుమ అని పేరట. ఆ సేనాపతి ఏ పక్షం వాడన్నది చెప్పేవాళ్లని బట్టి మారుతుంది. నేను ఆ అమ్మాయి మీద 22 పేజీలు రాశాను. పున్నమి రాత్రి, వెన్నెల, ఆమె మనసులో దుఃఖం, తండ్రి మీద ప్రేమ, చావు భయం. ఈ నవలకి గుండె ఇదే అనుకున్నాను. చాలా నెమ్మదిగా, గొంతు తగ్గించి చదివాను. మామ్మ నాలుగు పేజీలు విన్నది. అందులో ఒక్క ఊఁ లేదు. అయిదో పేజీలో చెయ్యి అడ్డం పెట్టింది.

"వెన్నెల సరేనమ్మాయ్. ఆ వేళ నీళ్లెంత ఉన్నాయి? గాలి ఎటు?"

నాకు తెలియదు. ఆలోచించనే లేదు. "మీరు చెప్పండి మామ్మా ఆ కథ" అన్నాను. ఆవిడ చెప్పింది. రాసుకున్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను.

"కోటలో రాజుగారున్నాడు. చుట్టూ నీళ్లు. శత్రువు చిగురుకోటలో దిగాడు. నీళ్లుండగా కోట మీదికి రాలేడు. కాలవ తవ్వారు. తవ్వింది తవ్వినట్టే పూడిపోతోంది. సేనాపతి కూతుర్ని దింపాడు. నీళ్లు పారాయి. ఆ పిల్ల పేరంటాలైంది."

తొమ్మిది వాక్యాలు. చెప్పడం అయ్యాక, తడి చేతులు తడిగానే ఉప్పుటేరు ఉన్న దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టింది. కథ కంచికి మనం ఇంటికి అని ముగించే కథ కాదది, ఇంకా జరుగుతున్న కథలా చెప్పింది. "ఆ పిల్ల ఏమనుకుంది మామ్మా?" అని అడిగాను. "ఏమో. ఆ పిల్లకి తెలిసిందేదో ఆ పిల్లకి తెలుసు" అంది.

తవ్వింది తవ్వినట్టే ఎందుకు పూడిపోతోంది? అది నన్ను పట్టుకుంది. మామ్మ కొడుకుని బాబాయ్ అని పిలుస్తాను. ఆయన్ని అడిగితే "పోటండీ" అన్నాడు. ఉప్పుటేట్లో సముద్రం పోటు వస్తుంది, పాటుకి మళ్లీ తీస్తుంది. అమావాస్యకి, పున్నానికి పోటు ఎక్కువ, పాటూ అంతే లోతు. చూపిస్తానన్నాడు. 2022 మాఘ పౌర్ణమి నాడు స్కూలుకి సెలవు పెట్టి ఆయనతో ఉప్పుటేరు దిగువకి, సముద్రం వైపు వెళ్లాను.

ఆ మధ్యాహ్నం చూసినదాన్ని నేను మర్చిపోలేను. ఒడ్డున బాబాయ్ వెదురు గడ పాతి, నీటి అంచు దగ్గర కత్తితో గాటు పెట్టాడు. ఏటి మధ్యలో గుర్రపుడెక్క దుబ్బు ఒకటి, పైన ఊదా పూల గుత్తి, సముద్రం వైపు నుంచి మా వైపు వస్తోంది. ఏరు వెనక్కి పారుతోందని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. గాటు మునిగింది. దాని పైన మరో గాటు పెట్టాడు, అదీ మునిగింది. దుబ్బు మా ఎదురుగా వచ్చి ఆగింది. అక్కడే నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. గాలి లేదు, అల లేదు. ఎంతసేపు ఆగిందో వాచీ చూడలేదు. తర్వాత వచ్చిన దారినే వెనక్కి, ముందు బద్ధకంగా, ఆ తర్వాత తొందరగా, సముద్రం వైపు వెళ్లిపోయింది. గడ మీద గాట్లు ఒకటొకటే బయటపడ్డాయి.

ఇంటికొచ్చి ఆ 22 పేజీలు పక్కన పెట్టాను. మళ్లీ రాశాను, మూడు పేజీలు. ఈసారి ఆ అమ్మాయి రోజూ కాలవ గట్టున కూర్చుని నీళ్లు చూస్తుంది. పోటు వేళ తవ్వుతున్నారు కాబట్టి ఇసుక వచ్చి పూడుతోందని ఆమెకి తెలుస్తుంది. పాటుకి ఆగి తవ్వమని తండ్రికి చెబుతుంది. తండ్రి వినడు. దేవత కోపం అనుకుంటాడు. పున్నమి రాత్రి పోటు తిరిగే వేళకే ఆమెని దింపుతారు. నీళ్లు తీస్తాయి, కాలవ పారుతుంది, అందరూ బలి ఫలించిందంటారు. పాత కథలో ఇది లేదు, నేను కల్పించిందే. కానీ నా చిత్తుప్రతిలో అలంకారంగా ఉన్న చంద్రుడు ఇప్పుడు నీళ్లని ఎత్తుతున్నాడు, ఒక పిల్ల ప్రాణం తీస్తున్నాడు. ఆ మూడు పేజీలు చదువుతుంటే మామ్మ ప్రతి వాక్యానికీ ఊఁ కొట్టింది. ఒక్క చోట మాత్రం ఊఁ బదులు "అయ్యో" అంది. ఆ అయ్యో కోసం నేను ఎన్నేళ్లయినా రాస్తాను.

ఆ తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. నిజానికి 2021 డిసెంబర్‌లోనే మొదలైంది గానీ ఉప్పుటేరు చూసొచ్చాక దాన్ని వదల్లేదు. వెళ్లిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాసేదాన్ని. నీళ్లు ఏ మెట్టు మీద ఉన్నాయి, గాలి ఎటు, చేపలు పట్టే మావుల్లో ఏం పడ్డాయి, ఏ పక్షులు ఉన్నాయి. వర్ణన ఒక్క ముక్క రాయకూడదని నియమం.

"12-12-2021. మూడో మెట్టు. ఉత్తరపు గాలి. మావుల్లో మట్టగిడసలు, రెండు కొర్రమీనులు. పరజలు దిగాయి."

"15-5-2022. మెట్లన్నీ పొడి. కింద బురద నెర్రెలిచ్చింది. గేదెలు సరస్సు నడుమ మేస్తున్నాయి. బావి నీళ్లు ఉప్పగా ఉన్నాయి."

రెండేళ్లు రాశాక ఒకసారి మొదటి నుంచి చదువుకుంటే నవల నిర్మాణం అందులోనే కనిపించింది. నా చిత్తుప్రతిలో అధ్యాయాలకి ఋతువుల పేర్లు ఉండేవి, వసంతం, గ్రీష్మం అని. అవి పంచాంగం ఋతువులు. కొల్లేటికి వేరే లెక్క ఉంది. మిరగం వచ్చాక తొలి ఎర్రనీళ్లు, భాద్రపదంలో వరద, కార్తీకంలో తుఫాను భయం, చలికి పక్షులు, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, వైశాఖంలో ఉప్పు. దేన్నయినా జనం నీళ్ల ఎత్తుతోనే గుర్తు పెట్టుకుంటారు. "మా పెద్దాడి పెళ్లికి నీళ్లు అయిదో మెట్టు" అంటుంది మామ్మ. ఆ పెళ్లి ఏ సంవత్సరం జరిగిందో ఆవిడకి గుర్తు లేదు. అధ్యాయాల పేర్లు మార్చేశాను. మూడో మెట్టు, పొడి మెట్లు, అయిదో మెట్టు. అలా పేరు పెట్టగానే ఏ అధ్యాయంలో ఎవరు ఎక్కడికి వెళ్లగలరో, ఎవరు ఇంట్లో చిక్కుకుంటారో, ఎవరి దోనె బురదలో కూరుకుపోతుందో వాటంతట అవే తేలిపోయాయి. కథని నేను నడిపించాల్సిన పని సగం తగ్గింది.

గూడబాతుల, అంటే పెలికన్ల విషయంలో చేసిన తప్పు కూడా చెప్పాలి. మామ్మ చిన్నతనంలో పక్షులు గూళ్లు కట్టిన చెట్ల గురించి చెప్పేది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశోధకుడు కొల్లేటి ప్రాంతంలో దాదాపు 3000 గూడబాతులు గూళ్లు పెట్టడం చూసి లోకానికి చెప్పాడు. 1975 ప్రాంతానికి ఆ స్థావరం లేకుండా పోయింది. ఆ వెళ్లిపోవడం నా నవలలో ఒక ముఖ్యమైన ఘట్టం. చిత్తుప్రతిలో "గూడబాతుల కలకలారావాలతో మారుమోగే ఊరు ఒక్కసారిగా మూగబోయింది" అని రాసుకున్నాను. ఆ వాక్యం నాకు ఎంతో ఇష్టం. మామ్మ ఊఁ ఆగడమే కాదు, నుదురు ముడిపడింది. "అవి అరవవు కదమ్మాయ్" అంది.

నమ్మకం కలక్క కైకలూరు దగ్గర ఆటపాక వెళ్లాను. అక్కడ ఇప్పుడు చెట్లతో పాటు ఇనుప స్టాండ్ల మీద కూడా గూడబాతులు గూళ్లు పెడుతున్నాయి. పడవలో దగ్గరికి వెళ్లాం. నిజమే. పెద్ద పక్షులు దాదాపు మౌనంగా ఉన్నాయి. అరుపులన్నీ పిల్లలవి. ఒక తల్లి రెక్కలు ముడుచుకుని గూటి అంచున దిగింది. పిల్ల, ఇంకా సరిగ్గా ఈకలు రాలేదు, అరుస్తూ రెక్కలు కొట్టుకుంటూ తల్లి మీద పడింది. తల్లి ముక్కు తెరిచింది. పిల్ల తల దూర్చింది, ఆ తర్వాత మెడ, ఆ తర్వాత భుజాల దాకా. తల్లి ముక్కు కింది సంచి పిల్ల తల కదిలినప్పుడల్లా అటూ ఇటూ ఉబ్బుతోంది. అంత సేపూ అరుపు లేదు, పిల్ల నోరు తల్లి గొంతులో ఉంది. తల బయటికి తియ్యగానే మళ్లీ అరుపు మొదలైంది. ఊరు మూగబోవడం అంటే ఏం ఆగిపోతుందో అప్పుడు తెలిసింది. ఆకలితో అరిచే పిల్లలు ఉండవు. వాక్యాన్ని అలా మార్చాను: "ఆ ఏడు చెట్ల మీద ఆకలి అరుపు వినపడలేదు."

చేపల చెరువుల లీజుదారుని నేను మొదట దుర్మార్గుడిగా రాశాను. అలాంటి ఒకాయనతో రెండు పూటలు మాట్లాడాక ఆ పాత్ర అలా నిలవలేదు. గట్టు పేలినప్పుడు ఏం చూశారని అడిగితే, "శీలావతులు మేడం, ఎండలో తళతళా ఎగిరాయి. లంక జనం వలలతో దిగారు. వాళ్లలో సగం మంది నా దగ్గర పనిచేసినవాళ్లే" అన్నాడు. ఆయన మీద నాకున్న కోపం ఇప్పటికీ పోలేదు. సరస్సుకి జరిగింది అన్యాయమే. అయితే నవలలో ఆయన మాట ఆయన చెప్పుకోవాలి. చెప్పుకున్నాడు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు విజయవాడని ముంచింది. టీవీలో ఆ నీళ్లు చూస్తూ మామ్మకి ఫోన్ చేశాను. మాట చాలా మామూలుగా ఉంది. "అక్కడ పడ్డది ఇక్కడికి రావాలిగా. వస్తాయి." వచ్చాయి. పెదఎడ్లగాడి దగ్గర వంతెన ఖానాలకి గుర్రపుడెక్క అడ్డంపడింది, నీళ్లు దిగువకి లాగలేదు. కొల్లేరు ఎగదన్నింది. ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి నీళ్లెక్కి రాకపోకలు ఆగిపోయాయి. ఫోన్ కూడా కలవలేదు. ఆ రోజులు నాకు ఎంత టెన్షన్‌గా గడిచాయో మాటల్లో పెట్టలేను. నా టేబుల్ మీద నవల చివరి అధ్యాయం ఉంది. అందులో వరదే. అర్ధరాత్రి, ఉరుములు, కుండపోత, హాహాకారాలు. దాని వైపు చూడబుద్ధి కాలేదు.

దారి తెరిచాక వెళ్లాను. మామ్మ అప్పటికే బంధువుల ఇంటి నుంచి వచ్చేసి, కొబ్బరి పీచుతో గోడలు కడుగుతోంది. లోపలి గోడ మీద, నా నడుము ఎత్తున, గోధుమరంగు గీత గది చుట్టూ తిరిగి ఉంది. ఎవరో స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. దాని కింద గోడ ఉబ్బింది, పైన సున్నం తెల్లగా ఉంది. నేనేమీ అడక్కముందే ఆవిడ చెప్పింది.

"వాన చుక్క లేదమ్మాయ్. ఫెళ్లున ఎండ. గుడ్డలు తీగ మీద ఆరుతున్నాయి. పొద్దున నాలుగో మెట్టు. అన్నాల వేళకి అయిదు. చప్పుడు లేదు. సాయంత్రం గుమ్మంలోకి వచ్చాయి. పిల్లి అటక ఎక్కింది. అప్పుడు లేచాం."

ఎండ కాస్తుండగా మునగడం. ఎక్కడో పడ్డ వాన, నాలుగు రోజుల తర్వాత, నీలాకాశం కింద, చప్పుడు లేకుండా మెట్టు మెట్టు ఎక్కి రావడం. నేను ఏలూరులో పుట్టి, అయిదేళ్లు ఆ నీళ్ల గురించి రాసి, ఈ సంగతి ఊహించలేకపోయాను. ఉరుములన్నీ కొట్టేశాను. చివరి అధ్యాయం కొత్తగా రాయడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో ఒక ఇల్లాలు తీగ మీద బట్టలు ఆరేస్తుంది, ఎండగా ఉంది కాబట్టి. ఆమె కాళ్ల కింద మెట్టు తడుస్తుంది.

పుస్తకం 2025 డిసెంబర్‌లో వచ్చింది. 218 పేజీలు. మొదటి కాపీ పట్టుకుని లంకకి వెళ్లాను. నీళ్లు మూడో మెట్టు మీద ఉన్నాయి, ఉత్తరపు గాలి, పరజలు దిగి ఉన్నాయి. మామ్మకి ఇప్పుడు చూపు బాగా తగ్గింది. పుస్తకం చేతికిస్తే అట్ట తడిమింది, పేజీలు బొటనవేలితో ఒకసారి జారవిడిచింది. "ఇంతేనా? అప్పుడు చాలా ఉండేది కదా" అంది. "మీరు ఊఁ కొట్టినంతే ఉంచాను మామ్మా" అన్నాను. ఏం మాట్లాడలేదు. లేచి, గోడ పట్టుకుని లోపలికి నడిచింది. గోడకి సున్నం వేయించారు గానీ ఆ గోధుమరంగు గీత కిందనుంచి ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆవిడ చెయ్యి ఆ గీత దగ్గర ఆగింది. అక్కడి నుంచి పైకి ఒక జాన కొలిచింది, ఇంకో జాన కొలిచింది. ఆ ఎత్తులో ఉన్న గూట్లో, రేషన్ కార్డు పక్కన, పుస్తకం పెట్టింది.